జమ్మి చెట్టు మీద మరైస్ గారి విల్లు

ఆ శుక్రవారం పొద్దున జనార్దనరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. చెట్టెక్కాలి. ఎక్కాక, కింద ఉన్న విల్లును తాడుతో పైకి లాక్కోవాలి. మళ్ళీ భద్రంగా దించాలి. కంపెనీ డైరెక్టర్ మరైస్ వచ్చి చూసేలోపు ఇదంతా ఒకసారి సాధన చేసుకోవాలి. మస్కట్ శివార్లలో అల్ ఖౌద్‌లోని ఫ్లాట్‌లో కాఫీ తాగుతూ ఈ సంగతి చెప్పేసరికి భార్య అన్నపూర్ణ చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్ళకుండానే ఆగిపోయింది.

"ఈ వయసులో చెట్టెక్కడమేవిటండీ?"

"ఊరికే ఎక్కడం కాదోయ్. సాడిల్ కట్టుకుని ఎక్కుతాను."

"సాడిలంటే?"

"జీను."

"జీను గుర్రానికి కదా కడతారు?"

"ఇది మనిషి నడుముకీ తొడలకీ కట్టుకునే జీను. దాన్ని తాడుతో చెట్టుకి బిగించుకుంటే, అందులో కూర్చుని ఎంతసేపైనా వేలాడొచ్చు."

"అయితే గుర్రం మీరేనన్నమాట. ఉండండి, నేనూ వస్తాను," అంటూ అన్నపూర్ణ పసుపు, కుంకుమ, సున్నం సంచిలో వేసుకుంది. ఎందుకని జనార్దనరావు అడగలేదు. అడగాల్సింది.

జనార్దనరావుది కాకినాడ. మస్కట్‌లో రోడ్లు వేసే కంపెనీలో సేఫ్టీ మేనేజర్. హెల్మెట్ పెట్టుకోండి, చేతులకు గ్లోవ్స్ వేసుకోండి, వేలాడే బరువు కింద నిలబడకండి అని చెప్పడం ఆయన ఉద్యోగం. చాలా ఏళ్ళుగా చెబుతున్నాడు. వినేవాళ్ళు చాలా ఏళ్ళుగా ఆవలిస్తున్నారు. పైగా ఆయనకు ఎత్తంటే భయం. ఎంత పెద్ద వంతెననైనా కిందనుంచే తనిఖీ చేసేవాడు.

కిందటి ఆదివారం మీటింగ్‌లో మరైస్ తన భుజం కథ చెప్పాడు. ఆయనది దక్షిణాఫ్రికా. సెలవులకు ఊరెళ్ళినప్పుడు చెట్టెక్కి కూర్చుని విల్లుతో వేటాడటం ఆయన సరదా. పోయినేడు విల్లును భుజానికి తగిలించుకుని ఎక్కుతుంటే అది కొమ్మకు తట్టుకుంది, ఆయన కింద పడ్డాడు, ఎముక విరిగింది. అందరూ అయ్యో అన్నారు. జనార్దనరావు మాత్రం అలవాటు కొద్దీ నోరు జారాడు.

"మనిషీ సరుకూ ఒకేసారి పైకి వెళ్ళకూడదు సార్. ముందు మనిషి. వాడు తాడుతో స్థిరపడ్డాక సరుకు."

మరైస్ ఆ భుజం తడుముకున్నాడు. "నిజమే. ఆ సంగతి నాకింతవరకూ ఎవరూ చెప్పలేదు. వచ్చే వారం ఊరెళ్తున్నాను. శుక్రవారం నువ్వు చేసి చూపించు. చూసినట్టే చేస్తాను," అన్నాడు. ఆ సాయంత్రం మరైస్ భార్య కూడా ఫోన్ చేసింది. "ఆయన ఎవరి మాటా వినరు. నీ మాట వింటానంటున్నారు. సరిగ్గా నేర్పించు బాబూ," అంది. ఆమె గొంతులో ఉన్న ఆశ విన్నాక ఇక తప్పించుకునే దారి లేదని జనార్దనరావుకు అర్థమైంది.

ట్రాన్స్‌పోర్ట్ చూసే జహీరుద్దీన్ శుక్రవారం పొద్దున కంపెనీ బండి తెచ్చాడు. ఆయనది కడప. ప్రపంచంలో తనకు తెలియని పని లేదన్న ధైర్యం ఆయనకు పుట్టుకతో వచ్చింది. బండి వెనక మరైస్ పంపిన సామాను ఉంది. చెట్టుకు పట్టీలతో బిగించుకునే మెట్లు, జీను, తాళ్ళు, గురి నేర్చుకునేవాళ్ళు వాడే రబ్బరు జింక ఒకటి, నల్లటి పెట్టెలో విల్లు. బాణాలు మాత్రం పంపలేదు. ఈ దేశంలో అడవి జంతువు మీద చెయ్యి పడితే జైలేనని మరైస్‌కు బాగా తెలుసు. ఆయన బాణాలు విలువిద్య క్లబ్బు గుమ్మం దాటవు.

ఖురియాత్ దాటి, వాదిలోకి, అంటే ఎండిపోయిన ఏటి లోయలోకి దిగి, జహీరుద్దీన్ స్నేహితుడి తోట చివర బండి ఆపారు. ఎదురుగా గోధుమరంగు కొండలు. వాటి పాదాల దగ్గర, గులకరాళ్ళ మధ్య, ఒంటరిగా ఒక పెద్ద చెట్టు. ఇక్కడివాళ్ళు దాన్ని గాఫ్ అంటారు. అన్నపూర్ణ బండి దిగి, ఆకు ఒకటి తుంచి, తిప్పి చూసి, అలాగే నిలబడిపోయింది.

"ఏవండీ, ఇది జమ్మి చెట్టు!"

జనార్దనరావు కూడా దగ్గరకొచ్చి చూశాడు. నిజమే. దసరాకి పూజ చేసే జమ్మే. కానీ ఇంత జమ్మిని ఆయన ఎన్నడూ చూడలేదు. ఇద్దరు చేతులు కలిపినా అందనంత మాను. చుక్క నీరు కనిపించని రాళ్ళలోంచి లేచి, ఆకాశమంతా పచ్చగా పరుచుకుని ఉంది. పూర్వం ఆయుధాలు ఈ చెట్టు మీదే దాచారని చిన్నప్పుడు విన్న కథ ఆయన ఒంట్లో సన్నగా పాకింది. విల్లు పట్టుకుని జమ్మి చెట్టు కిందికి వచ్చాడు తను. వేరే ఏ చెట్టూ దొరకలేదు.

"సార్, ఈ విల్లు సూడు సార్," అంటూ జహీరుద్దీన్ పెట్టె తెరిచాడు. రెండు కొసలా చిన్న చక్రాలు, వాటి మీదుగా నల్లటి తీగలు. ఎక్కడా వంకర లేదు, ఎక్కడా అనవసరమైన ముక్క లేదు. "విల్లు మాదిరి లేదు. గడియారాన్ని ఇప్పి సాగదీసినట్టుండాది."

జనార్దనరావు దాన్ని రెండు చేతులా ఎత్తి బరువు చూశాడు.

తర్వాత అన్నపూర్ణ సంచి విప్పింది. ఆయుధం జమ్మి చెట్టెక్కుతుంటే పూజ లేకుండా ఎలా అంది. మరైస్ ప్రాణంగా చూసుకునే విల్లుకు పైనా కిందా కుంకుమబొట్లు పెట్టింది. గాలికి కుంకుమ కొంచెం రాలి, దాని ఒళ్ళంతా ఎర్రగా చారలు కట్టింది. తర్వాత పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్ళు చేసి, మొగుడికీ విల్లుకీ కలిపి దిష్టి తీసింది. ఆ నీళ్ళు ఎవరూ తొక్కని చోట పొయ్యాలి. చుట్టూ చూసింది. చెట్టుకు కొంచెం ఎడంగా జహీరుద్దీన్ నిలబెట్టిన రబ్బరు జింక కాళ్ళ దగ్గర బాగుందనిపించింది. అక్కడ పోసింది.

జనార్దనరావు ఎక్కడం మొదలుపెట్టాడు. నడుముకున్న తాడు మాను చుట్టూ తిప్పి, ఒక్కో మెట్టు బిగిస్తూ, తాడు జరుపుకుంటూ, కిందికి చూడకుండా ఎక్కాడు. ముళ్ళు గీరుకున్నాయి. చివరికి పైన చిన్న పలక బిగించి, దాని మీద కాళ్ళు పెట్టి, జేబులో ఒత్తుకుంటున్న ఫోన్ తీసి పక్క కొమ్మ పంగలో పెట్టి, జీను తాడు తలకు పైన మానుకు కట్టి, దేవుణ్ణి తలుచుకుని వెనక్కి వాలాడు.

చెట్టు ఆయన్ని పట్టుకుంది. బరువంతా తాడు తీసుకుంది. చుట్టూ ఆకులు, ఆకుల సందుల్లోంచి కొండలు, కొండల చివర సన్నటి గీతలా సముద్రం. భయం ఏమైందో ఆయనకు తెలియలేదు. ఇంతకాలం జనాన్ని ఎత్తులకు పంపిన మనిషి, ఎత్తులో ఏముంటుందో మొదటిసారి చూస్తున్నాడు.

"ఎలా ఉందండీ?" అని కిందనుంచి అన్నపూర్ణ అడిగింది.

"చెప్పలేను," అన్నాడు. నిజంగానే చెప్పలేకపోయాడు.

అదే సమయానికి మేకలు కాసుకునే ముసలాయన ఒకాయన పికప్ ఆపుకుని దిగాడు. జింకను చూశాడు. ఎర్రటి మడుగు చూశాడు. ఎర్రచారల విల్లు చూశాడు. తల పైకెత్తి చెట్టు మీద మనిషిని చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. వేలితో జింకను చూపించి, "ఘజాల్?" అన్నాడు.

అరబ్బీలో జింకను ఘజాల్ అంటారని జహీరుద్దీన్‌కు తెలుసు. ఆయనకు తెలిసిన అరబ్బీ అంతా సైట్‌లో నేర్చుకున్నదే, కానీ దానితో ఏ వ్యవహారమైనా చక్కబెట్టగలనని నమ్మకం. "ఐవా, ఘజాల్! ముదీర్ ఘజాల్!" అన్నాడు ఉత్సాహంగా. అంటే, అవును జింకే, మా మేనేజర్ గారిది అని. తర్వాత, పెద్దాయన వస్తాడు, ఆయన చూస్తే ఈ పని అయిపోతుంది అని చెప్పాలనుకుని, "ముదీర్ కబీర్ ఈజీ, బాదేన్ ఖలాస్!" అని చెయ్యి అడ్డంగా ఊపాడు.

పెద్ద మేనేజర్ వస్తాడు, తర్వాత జింక పని ఖలాస్. ముసలాయనకు అర్థమైంది అది. వెంటనే పికప్ ఎక్కి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఏవంటాడు జహీర్ భాయ్?" అని పైనుంచి జనార్దనరావు అరిచాడు.

"ఏం ల్యా సార్. సెట్ చేసి పంపించినా."

ఇక విల్లు వంతు. జనార్దనరావు జీనుకు కట్టుకున్న సన్నతాడు కొస కిందికి వదిలాడు. జహీరుద్దీన్ దాన్ని విల్లుకు కట్టాడు. కట్టింది నారికి. లాగేసరికి విల్లు గాల్లో గింగిరాలు కొట్టి ముళ్ళకొమ్మలో ఇరుక్కుంది. జనార్దనరావు తాడు అటూ ఇటూ విదిలించాడు. కొమ్మలు ఊగి, ఎండిన జమ్మికాయలు జలజలా నేలంతా రాలాయి కానీ విల్లు రాలేదు. అన్నపూర్ణ కళ్ళు మూసుకుంది. చివరికి ఎలాగో ఊడి దిగింది.

"నారికి కాదు భాయ్, పైకొస కర్రకి కట్టండి! కింది కొసకి ఇంకో తాడు కట్టి మీరు పట్టుకోండి. అప్పుడు తిరగదు, మానుకి కొట్టుకోదు."

"అట్ల ముందే సెప్పాల సార్."

ఈసారి విల్లు నిటారుగా, నెమ్మదిగా లేచింది. జహీరుద్దీన్ కింది తాడు వదులుతున్నాడు, జనార్దనరావు చేతి మీద చెయ్యి వేసి లాగుతున్నాడు. చెట్టు నీడలో ఎర్రబొట్లతో అది పైకి వెళుతుంటే ఊరేగింపులో విగ్రహంలా ఉంది. సగం దూరం వచ్చింది.

అప్పుడు పొదల వెనకనుంచి యూనిఫారం వేసుకున్న మనిషి ఒకడు, అతని వెనక మేకల ముసలాయన, చప్పుడు చెయ్యకుండా వచ్చారు. యూనిఫారం మనిషి పేరు ఖమీస్. వన్యప్రాణుల్ని కాపాడే ఉద్యోగం. బలూచీ కుటుంబం, ఇంట్లో ఉర్దూ మాటలు అలవాటు, కాబట్టి హిందీ బాగా వచ్చు. అక్కడ నిలబడ్డ జింక ఇంకా బతికే ఉందనీ, గట్టిగా అరిస్తే గాయంతో పరిగెత్తి చస్తుందనీ అతని భయం. అందుకని గుసగుసగా మాట్లాడాడు.

"ఎవరూ కదలొద్దు," అన్నాడు హిందీలో.

అతను గుసగుసలాడటంతో మిగతావాళ్ళు కూడా, ఎందుకో తెలియకుండానే, గొంతు తగ్గించారు.

"మరైస్ గారి మనిషా?" అని అన్నపూర్ణ గుసగుసగా జహీరుద్దీన్‌ని అడిగింది.

"కాదక్కా. సర్కారు మనిషి మాదిరుండాడు."

ఖమీస్ విల్లు కిందికి వచ్చి తలెత్తాడు. "దాన్ని వదిలెయ్," అన్నాడు గుసగుసగా.

"వదలను," అన్నాడు జనార్దనరావు, అంతే నెమ్మదిగా.

"వదలమంటున్నాను!"

"వదిలితే మీ నెత్తిన పడుతుంది. వేలాడే బరువు కింద నిలబడకూడదు. మీ హెల్మెట్ ఏది? ముందు పక్కకి జరగండి!"

ఖమీస్ గబుక్కున నాలుగడుగులు పక్కకు జరిగాడు. జరిగాక, అరెస్టు చెయ్యడానికి వచ్చింది తనేనని గుర్తొచ్చింది. కోపంగా కిందికి చూశాడు. బూట్ల దగ్గర ఎర్రటి మడుగు.

"ఖూన్!"

"ఖూన్ నహీ బాబూ, హల్దీ!" అంది అన్నపూర్ణ కంగారుగా, రక్తం కాదు పసుపని. "హల్దీ పానీ! నజర్..." దిష్టి తీశానని చెప్పడానికి తర్వాతి మాట హిందీలో దొరకక చేతులు గుండ్రంగా తిప్పి చూపించింది. ఏదో మంత్రం వేస్తోందనుకుని ముసలాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. వేసినవాడు అలాగే ఆగిపోయి ఖమీస్ చొక్కా పట్టుకుని లాగాడు.

అందరూ అటు చూశారు.

వాది వైపునుంచి ఒక జింక వస్తోంది. నిజమైన జింక.

ఇసుకరంగు వీపు, పక్కన నల్లటి చార, తెల్లటి పొట్ట. కాళ్ళు ఎంత సన్నగా ఉన్నాయంటే, అది నేల మీద నడుస్తోందో నేలను ముట్టుకోకుండా వస్తోందో చెప్పలేం. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, చెవులు తిప్పుతుంది. దాని వెనక, రాయి అనుకున్నది కదిలింది. పిల్ల. తల్లి మోకాలికి కొంచెం పైకి ఉంటుంది.

తోటి జింక ఒకటి చెట్టు నీడలో నిశ్చింతగా నిలబడి ఉండటం చూసి తల్లికి ధైర్యం వచ్చినట్టుంది. నేరుగా రబ్బరు జింక దగ్గరకు వచ్చి, ముక్కు చాపి, దాని ముక్కును వాసన చూసింది. జవాబు రాలేదు. ఏం మర్యాదలో అన్నట్టు తల విదిల్చి, రాలిన జమ్మికాయలు ఏరుకుని తింటూ మాను దగ్గరకు వచ్చింది. పిల్ల కూడా వచ్చింది. వచ్చి, సరిగ్గా వేలాడుతున్న విల్లు కింద నిలబడింది.

జనార్దనరావు ఊపిరి బిగబట్టాడు. తాడు రెండు చేతుల్లోనూ ఉంది. కొమ్మకు చుట్టాలంటే కదలాలి. కదిలితే అవి బెదురుతాయి. వదిలితే విల్లు పిల్ల మీద పడుతుంది. చేతులకు గ్లోవ్స్ లేవు. ఊరందరికీ చెప్పిన మాట తనే పాటించలేదు. సన్నతాడు అరచేతుల్లోకి దిగుతోంది. కింద జహీరుద్దీన్ తన తాడు పట్టుకుని రాయిలా నిలబడ్డాడు. ఆ మనిషి అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు.

ఎంతసేపో ఎవరికీ తెలియలేదు. పిల్ల పళ్ళ కింద ఎండుకాయలు పటపటమంటుంటే ఆ చప్పుడు చెట్టు మీదికి స్పష్టంగా వినిపించింది. ఒకసారి తల్లి తలెత్తి పైకి చూసింది. నల్లటి, పెద్ద, తడికళ్ళు. ఆ కళ్ళు విల్లును దాటుకుని, జనార్దనరావు మీద ఆగాయి. తను ఎవరో, ఎక్కడివాడో, ఏ కంపెనీలో ఏ ఉద్యోగమో అంతా ఆయన మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది. చేతులు మండుతున్నాయన్న సంగతి కూడా. ఇది ఇలాగే ఉండాలి, ఈ తాడు నేను ఎప్పటికీ వదలకూడదు అని మాత్రం అనుకున్నాడు. అన్నపూర్ణ చేతులు జోడించి ఉంది. ముసలాయన పెదవులు ఏదో ప్రార్థనతో కదులుతున్నాయి. రోజూ ఇవే జంతువుల కోసం తిరిగే ఖమీస్ కూడా టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

దూరంగా కారు హారన్ మోగింది. తల్లి ఒక్కసారి నిటారుగా అయ్యింది. రెండు గెంతుల్లో అది రాళ్ళలో కలిసిపోయింది. పిల్ల మూడో గెంతు కూడా వేసింది. అంతే. అక్కడ కొంచెం దుమ్ము మిగిలింది.

జనార్దనరావు చేతి మీద చెయ్యి వేసి, అంగుళం అంగుళం వదులుతూ, విల్లును కిందికి దించాడు. దాన్ని ఖమీసే అందుకున్నాడు, పసిపిల్లను అందుకున్నట్టు.

తర్వాత అతను రబ్బరు జింక దగ్గరకు వెళ్ళి వేలితో కొట్టాడు. టప్ టప్ మంది. ఎర్రమట్టి వేళ్ళకు రాసుకుని వాసన చూశాడు. పసుపు. పెట్టెలో బాణాలు వెతికాడు. ఒక్కటీ లేదు. తిరిగి ముసలాయన వైపు చూశాడు. ముసలాయన జింక చెవి పట్టుకుని లాగి చూసి, జహీరుద్దీన్ వైపు వేలు చూపించి, అరబ్బీలో చాలాసేపు మాట్లాడాడు. అందులో "ముదీర్" అన్న మాట నాలుగుసార్లు వచ్చింది.

"మీ అరబ్బీ ఎక్కడ నేర్చుకున్నారు?" అని ఖమీస్ జహీరుద్దీన్‌ని అడిగాడు.

"సొంతంగా," అన్నాడు జహీరుద్దీన్ గర్వంగా.

"ఇంకెక్కడా వాడకండి." తర్వాత ఖమీస్ తల పైకెత్తాడు. "సార్, జింకలు వచ్చే చోట విల్లు కనపడకూడదు. పెట్టెలో పెట్టి తాళం వేయించండి. మీరు తాడు వదల్లేదు, నేను చూశాను. కాబట్టి ఇంతటితో సరే."

మరైస్ కారు దిగి, యూనిఫారాన్ని చూసి పరుగున వచ్చాడు. సంగతంతా నలుగురూ నాలుగు భాషల్లో చెప్పారు. ఆయన బొట్లు పెట్టిన తన విల్లును చూసుకున్నాడు. దాని మీద ఒక్క గీత లేదు. "ఇప్పుడే, ఇక్కడా?" అని నేల మీది గిట్టల గుర్తుల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వేలు పెట్టకుండా చూశాడు. "ఇన్నేళ్ళు చెట్లెక్కాను. అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు," అన్నాడు. లేచి, పైకి చూసి చెయ్యి చాపాడు. "జనార్దన్, దిగిరా. నీకు షేక్‌హ్యాండ్ ఇవ్వాలి."

జనార్దనరావు దిగడానికి కిందికి చూశాడు. ఇంతసేపూ ఎక్కడికో పోయిన భయం అప్పుడు తిరిగొచ్చింది. వడ్డీతో సహా వచ్చింది. ఆయన గబుక్కున మానును కావలించుకున్నాడు.

"రాలేను సార్."

"ఎక్కావు కదా?"

"అది వేరు సార్."

"దిగే పద్ధతి ఏమిటి?"

"అది... ఇంకా ఆలోచించలేదు సార్."

అన్నపూర్ణ ధైర్యం చెప్పింది. జహీరుద్దీన్ దూకమన్నాడు. చివరికి మరైస్ తన కారులోంచి ఇంకో జీను తెచ్చుకుని, నడుముకు తాడు బిగించి, భుజం మీద ఏమీ లేకుండా, ఖాళీ చేతులతో ఎక్కాడు. పిల్లిలా ఎక్కాడు. పైకి వెళ్ళి, జనార్దనరావు కాలు పట్టుకుని ఒక్కో మెట్టు మీదా పెడుతూ, "ఇక్కడ... బాగుంది... ఇప్పుడు రెండోది," అంటూ చంటివాణ్ణి నడిపించినట్టు దించుకొచ్చాడు.

నేల మీదికి వచ్చాక మరైస్ తన ఖాళీ చేతులు చూసుకుని ఆశ్చర్యపోయాడు. "విల్లు లేకుండా ఎక్కడం ఇంత తేలికా! మా ఆవిడకి ఇప్పుడే చెప్పాలి. నువ్వు నేర్పించావని," అని ఫోన్ తీసి ఆమెకు కలిపాడు. లైన్ బిజీగా ఉంది. ఆమె కూడా అప్పుడే ఎవరికో ఫోన్ చేస్తోంది.

జనార్దనరావు నేలను రెండు కాళ్ళతో గట్టిగా తొక్కి, తృప్తిగా ఊపిరి తీసుకుని, జేబులు తడుముకున్నాడు. చెట్టు మీద, కొమ్మ పంగలో ఆయన ఫోన్ మోగడం మొదలుపెట్టింది.